హెన్రీ ఫ్రెడరిక్ బాయిల్ జీవితము

ఆంగ్లేయులకును ఆస్ట్రేలియావారికిని నడుమ జరుగు క్రికెట్టు పోటీలను గూర్చి వినని బాలురు మన పాఠశాలలో లేరు. ఆ పోటీలలో గెలిచినవారికి బూడిద దక్కునని చెప్పుకొనుట క్రొత్తవారికి వింతగా తోచును. ఆ మాట పుట్టుటకు కారణమైన ఆట 1882వ సంవత్సరము ఆగస్టు 28, 29 తేదీలలో లండను నగరమందలి ఓవల్ మైదానమున జరిగెను. ఆ ఆటను వర్ణించువారందరును స్పాఫర్త్ అను బౌలరును కీర్తింతురు. అతడు కీర్తింపదగినవాడే, ఆ రెండు దినములలో 14 వికెట్లు పడగొట్టెను. అయినను కడపటి బంతి వేసి ఆటను ముగించినవాడు స్పాఫర్త్ కాడు. గడ్డము పెంచిన మరియొకడు, మెల్బోర్ను నగరమున బ్యాట్లును బంతులును అమ్ము అంగడి గలవాడు, ఆ బంతిని వేసెను. అతని పేరు హెన్రీ ఫ్రెడరిక్ బాయిల్. తోడివారు హారీ అని పిలిచెడివారు. అతని జీవితమును మేమిందు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆట తెలియని తల్లిదండ్రుల కొరకు ముందుగా ఒక్క విషయము చెప్పవలసియున్నది. క్రికెట్టులో బంతి వేయువాడు ఒక్కడే కాడు. మైదానము నడుమ ఎదురెదురుగా రెండు కొనలుండును. ఒక కొననుండి ఒకడు కొన్ని బంతులు వేసిన పిమ్మట రెండవ కొననుండి మరియొకడు వేయును. ఈ కొన్ని బంతులకే ఓవరని పేరు. ఆ కాలమున ఓవరునకు నాలుగే బంతులు. ఒక కొన నున్న బౌలరు ఎంత భయంకరుడైనను రెండవ కొనవాడు పరుగులు ధారపోసినచో వాని శ్రమ వ్యర్థమగును. బాయిల్ ఆ రెండవ కొనవాడు. ఈ మాట మనసున నుంచుకొని చదివినచో అతని చరిత్ర మీకు బోధపడగలదు.

బాయిల్ 1847వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన సిడ్నీ నగరమున జన్మించెను. అప్పటికి ఆస్ట్రేలియా యను ఒక్క రాజ్యము లేదు. ఆంగ్ల ప్రభుత్వము క్రింద వేరువేరు కాలనీలుండెను. అవి యన్నియు ఏకమగుట 1901వ సంవత్సరమునగాని జరుగలేదు. బాయిల్ ఇంకను పసివాడై యుండగా, 1851లో, విక్టోరియా కాలనీయందు బంగారము బయల్పడెను. ఆ వార్త వ్యాపించుటయే తడవుగా కాపు నాగలిని విడిచెను, గుమాస్తా కలమును విడిచెను, రేవులలో నావికులు ఓడలనే విడిచి గనులవైపు పరుగెత్తిరి. మెల్బోర్నునకు ఉత్తరముగా సుమారు 90 మైళ్ల దూరమున నున్న బెండిగో ప్రాంతము కొద్దికాలములోనే గుడారములతో నిండిపోయెను. బాయిల్ కుటుంబమును అచ్చటికే చేరెను. బాలుడు ఆ గనుల నడుమనే పెరిగెను.

అట్టి చోట చదువు సంధ్యలు, ఆటపాటలు ఎట్లుండునో ఊహించుకొనవచ్చును. ఎచ్చట చూచినను త్రవ్విన గోతులు, కుప్పపోసిన మట్టి. ఎండకు నేల రాతివలె బిగిసియుండును, పచ్చికకు చోటులేదు. లార్డ్స్ మైదానమున ఉన్నట్టి పట్టు తివాసీని ఆ బాలురు చూచియెరుగరు. అయినను వారికి ఆట కావలసియుండెను. సిడ్నీ ఫ్లాట్ అను చిన్న పల్లెయొద్ద బాయిల్ తన యీడువారిని కూడగట్టి ఒక క్లబ్బును నెలకొల్పెను. అతడు పిన్నవయస్సుననే నాయకత్వము వహింప నేర్చుటకు ఇదియే పునాది. అతని బెండిగో స్నేహితులలో బిల్లీ మిడ్వింటర్ అను ఆంగ్ల బాలుడొకడుండెను. వాని సంగతి ముందు వచ్చును.

గట్టినేలపై బంతి వేయువానికి ఒక విద్య తప్పనిసరి. నేల తనకు సాయపడదు కనుక బంతి తానుకొన్న చోటనే పడవలెను. బాయిల్ మధ్యమ వేగముతో బంతి వేసెడివాడు. వేగముచే బెదరించుట వాని పద్ధతి కాదు. బంతి తరువాత బంతి ఒకే చోట పడుచుండును. ఎప్పుడో ఒకటి కొంచెము ప్రక్కకు తిరుగును. ఎదుటివాడు విసిగి బ్యాటు విసరువరకు బాయిల్ విసుగడు. గనులలో దినదినము మట్టి కడిగి రేణువు కొరకు కాచుకొను జనము నడుమ పెరిగినవానికి ఈ ఓపిక అబ్బుటలో ఆశ్చర్యము లేదని మాకు తోచుచున్నది.

ఇంగ్లాండునుండి తొలి జట్టు ఆస్ట్రేలియాకు వచ్చినది 1861-62లో. ఆ జట్టును రప్పించినవారు ప్రభువులు కారు. మెల్బోర్నులో ఫలహారశాలలు నడుపు స్పియర్స్, పాండ్ అను ఇరువురు వర్తకులు. కనుక ఆ దేశమున క్రికెట్టుకును అంగడికిని మొదటినుండియు చుట్టరికమున్నదని చెప్పవచ్చును. ఆ దినములలో ఆంగ్లేయులు పదునొకండుగురు ఆడగా కాలనీవారు పదునెనిమిది మందియో ఇరువదిరెండు మందియో నిలిచెడివారు. సమముగా నిలుచుటకు తమకు శక్తి లేదని వారే ఒప్పుకొనిన కాలమది.

1873వ సంవత్సరము డిసెంబరులో డబ్ల్యు. జి. గ్రేస్ తన జట్టుతో మెల్బోర్నునకు వచ్చెను. గ్రేస్ అనగా అప్పటికి క్రికెట్టునకు మారుపేరు. విక్టోరియా పక్షమున పదునెనిమిది మంది నిలిచి 266 పరుగులు చేసిరి. గ్రేస్ జట్టు మొదట 110, పిమ్మట 135 పరుగులకు పడిపోయి ఓడెను. ఆ ఆటలో గ్రేస్ వికెట్టును నేరుగా బంతితో పడగొట్టినవాడు బెండిగో గనుల కుర్రవాడగు బాయిల్. ఆ నాటి కేకలు మైదానమును దాటి పోయెననుటలో సందేహములేదు. తమ బౌలరు గ్రేసును పడగొట్టగలడని ప్రజలు కన్నులార చూచిరి. నాలుగేండ్లలోపలనే, 1877 మార్చిలో, ఆస్ట్రేలియావారు పదునొకండుగురితోనే నిలిచి ఆంగ్లేయులను గెలిచిరి. లోకము మొదటి టెస్టు ఆటగా లెక్కించునది అదియే. దానిలో బాయిల్ ఆడలేదు, స్పాఫర్త్ కూడ ఆడలేదు.

ఆ మరుసటి యేడు జరిగిన యాత్రనుగూర్చి కొంత వివరముగా చెప్పవలెను. ఏలయన బాయిల్ ఆటగాడుగాను వ్యవహారజ్ఞుడుగాను తెలియబడుట ఈ యాత్రతోనే. జాన్ కాన్వే అను వాని ప్రయత్నముచే 1878లో ఒక జట్టు ఇంగ్లాండునకు బయలుదేరెను. వారిని పంపినది ప్రభుత్వము కాదు, సంఘము కాదు. ఆటగాండ్రే తలకు 50 పౌనుల చొప్పున పెట్టుబడి పెట్టి భాగస్థులైరి. నష్టము వచ్చినచో వారిదే, లాభము వచ్చినచో వారిదే. సిడ్నీ నివాసియగు డేవిడ్ గ్రెగరీ నాయకుడు. వారు పసిఫిక్ సముద్రము దాటి శాన్ ఫ్రాన్సిస్కో చేరి, అమెరికా ఖండమును రైలుపై గడచి, మరల ఓడనెక్కి లివర్‌పూలులో దిగిరి. మొదటి ఆట నాటింగ్‌హాములో. పలుచని పట్టు చొక్కాలతో వచ్చిన ఆ ఎండదేశపు వారు ఇంగ్లాండు చలికి గడగడ వణకి ఒక ఇన్నింగ్సుపైన 14 పరుగుల తేడాతో ఓడిపోయిరి.

రెండవ ఆట మే 27వ తేదీన లార్డ్స్ మైదానమున, మేరిల్‌బోన్ క్లబ్బుతో. ఆ క్లబ్బు క్రికెట్టు శాసనములను చేయు పెద్దల సభ వంటిది. గ్రేస్ వారి పక్షమున నుండెను. వానకు నేల తడిసియుండెను. చూడవచ్చిన జనము మొదట కొలదియే. బాయిల్, ఆలన్ అనువారు బంతి వేయ నారంభించిరి. గ్రేస్ మొదటి బంతిని బలముగా కొట్టి నాలుగు పరుగులు తీసెను. రెండవ బంతికి ఆలన్ వానిని పంపివేసెను. బంతి పట్టినవాడు మన మిడ్వింటరే. కొంతసేపటికి స్పాఫర్త్ బంతి నందుకొని 4 పరుగులిచ్చి 6 వికెట్లు తీసెను. బాయిల్ 14 పరుగులిచ్చి 3 తీసెను. క్లబ్బువారు చేసిన మొత్తము 33. ఆస్ట్రేలియావారును మిక్కిలి చేయలేదు, 41 మాత్రమే. రెండవమారు క్లబ్బువారు దిగినప్పుడు స్పాఫర్త్ గ్రేసును సున్నకే పడగొట్టెను. అటుపిమ్మట నడచినది బాయిల్ ఆట. అతడిచ్చినది 3 పరుగులు, తీసినది 6 వికెట్లు. పెద్దల సభ 19 పరుగులకు కూలిపోయెను. ఒక్క వికెట్టు నష్టముతో ఆస్ట్రేలియావారు కావలసిన 12 పరుగులు చేసి, ఒక్క దినములోనే, ప్రొద్దు క్రుంకకముందే గెలిచిరి.

ఆ దినమునకు లెక్క చూచినచో స్పాఫర్త్ 20 పరుగులకు 10 వికెట్లు, బాయిల్ 17 పరుగులకు 9 వికెట్లు. తేడా ఒక్క వికెట్టు. అయినను లోకము రాక్షసుడను బిరుదు నిచ్చి తలకెత్తుకొన్నది స్పాఫర్తునే. పొడగరి, కోపముతో వెలుగు కన్నులు, పరుగెత్తి వచ్చునప్పుడు చేతులు కాళ్లు గాలిమర వలె ఆడును. చూచువారు మరువలేని ఆకారము. బాయిల్ అట్లుండడు. తన పని చూచుకొను శిల్పివలె వచ్చి బంతి వేసి తిరిగి పోవును. న్యాయము జరుగలేదని మేమనుట లేదు. స్పాఫర్త్ ఎక్కువ గొప్పవాడే. కాని ఒక్క వికెట్టు తేడాకు కీర్తిలో ఇంత తేడా వచ్చుట గమనింపదగినది.

ఆ జూను నెలలో ఒక నవ్వు పుట్టించు సంగతి జరిగెను. మిడ్వింటర్ పుట్టుక గ్లౌసెస్టర్‌షైరు అగుటచే గ్రేస్ వానిని తన కౌంటీ జట్టునకు ఆడుమని పిలిచియుండెను. జూను 20వ తేదీన లార్డ్స్ మైదానమున మిడ్వింటర్ కాళ్లకు కవచములు కట్టుకొని ఆడుటకు సిద్ధముగా నుండగా గ్రేస్ బండిలో వచ్చి, మాటలాడి, వానిని తనవెంట ఓవల్ మైదానమునకు తీసికొని పోయెను. కాన్వేయును బాయిలును మరియొక బండి నెక్కి వెంబడించిరి. ఓవల్ వాకిట నలుగురి యెదుట ఇరుపక్షములవారును కఠినముగా మాటలాడుకొనిరి. మిడ్వింటర్ మాత్రము తిరిగి రాలేదు. గ్రేస్ పిమ్మట క్షమాపణ వ్రాసెను. పెద్దవారు చిన్నపిల్లల వలె తగవులాడుట చదివి మనము నవ్వుదుము. బాయిలునకు మాత్రము అది నవ్వులాట కాదు. బెండిగోలో తనతోకూడ ఆడి పెరిగినవాడు బండిలో కూర్చుండి వెళ్లిపోయెను. మిడ్వింటర్ తరువాతి కాలమున బిడ్డలను భార్యను పోగొట్టుకొని, మతి చెడి, 1890లో మెల్బోర్ను పిచ్చియాసుపత్రిలో మరణించెను.

యాత్ర ముగియునప్పటికి భాగస్థులు పెట్టిన 50 పౌనులకు అనేక రెట్లు లాభము వచ్చెను. ఆ సొమ్ము ఒక పెద్ద వివాదమును లేపెను. ఇంగ్లాండులో ఆటగాండ్రు రెండు జాతులు. వినోదమునకై ఆడు దొరలు ఒక జాతి; కూలికి ఆడువారు మరియొక జాతి. దొరల పేరులకు ముందు మర్యాద పదము చేర్చి అచ్చువేయుదురు. కూలివారికి ఉత్త పేరు. ఇరువురును మైదానములోనికి వేరువేరు ద్వారముల గుండ పోయెడివారు. ఈ భేదము 1962లోగాని తొలగింపబడలేదు. ఆస్ట్రేలియావారు ఏ ద్వారమున పోవలెను? వారు బ్యాంకు గుమాస్తాలు, ఉద్యోగులు, వర్తకులు. దొరలతో సమానముగా మర్యాద పొందుచు వాకిటి వసూళ్లలో భాగము తీసికొనిరి. ఇది దొరతనమునకు తగదని ఆంగ్ల పత్రికలు ఆక్షేపించెను. గ్రేస్ దొరగా పిలువబడుచునే 1873-74 యాత్రకు 1500 పౌనులు పుచ్చుకొనెనని తలచుకొన్నచో ఈ ఆక్షేపణ బలమెంతయో తెలియగలదు. దాచి పుచ్చుకొనుట కన్న పదిమంది యెరుగ పంచుకొనుటయే మేలని మా అభిప్రాయము.

బాయిల్ ఈ విషయమున దాచినది లేదు. డేవిడ్ స్కాట్ అను వానితో కలిసి మెల్బోర్నులో బాయిల్ అండ్ స్కాట్ అను పేరుతో ఆటవస్తువుల అంగడి పెట్టెను. బ్యాటునకు కావలసిన విల్లో కర్ర ఇంగ్లాండులో పెరుగునది. పిడి బెత్తముతో చేసి దారము చుట్టుదురు. బెరడు, నూలు, పైన ఎర్రతోలు కుట్టి బంతి చేయుదురు. ఇట్టి సరకు సగము భూమి చుట్టి ఓడలలో వచ్చునప్పుడు మంచిచెడ్డలు తెలిసి ఎంచువాడు కావలెను. తన చేతితో లార్డ్స్ మైదానమున బంతి వేసినవాడే బల్ల వెనుక నిలిచి బంతిని చేతికిచ్చిన యెడల కొనువానికి అంతకన్న నమ్మకమేమి కావలెను? ఆటగాండ్రు అంగడులు పెట్టుట అప్పటికి క్రొత్తగాదు. ఇంగ్లాండులో జాన్ విజ్డెన్ అను బౌలరు లండనులో అట్టి అంగడి నడిపి, 1864 నుండి యేటేట ఒక పంచాంగము వంటి గ్రంథమును ప్రకటించెను. అది నేటికిని వెలువడుచున్నది.

బాయిల్ అంగడియు 1879-80 ఆటకాలము మొదలుకొని కొన్ని సంవత్సరములు ఆస్ట్రేలియా క్రికెట్టుకు ఒక కైపుస్తకమును ప్రకటించెను. కాలనీలలో జరిగిన ఆటల పరుగుల లెక్కలు, బౌలర్ల లెక్కలు అందు కూర్చబడినవి. విజ్డెన్ గ్రంథము వలె అది నిలువలేదు. అయినను ఆ సంవత్సరముల లెక్కలు చూడగోరు చరిత్రకారులకు ఆ చిన్న పుస్తకములు విలువైనవి. ఆటలో పేరు గడించినవాడు ఇతరుల పరుగుల లెక్కలు అచ్చువేయించుటకు పూనుకొనుట మాకు మిక్కిలి నచ్చిన గుణము. మన పాఠశాల ఆటలలో లెక్క వ్రాయుటకు పుస్తకము చేతికిచ్చినప్పుడు తప్పించుకొని పోవు బాలురు దీనిని గమనింతురుగాక.

ఇంక అతని ఫీల్డింగు. స్పాఫర్త్ బంతి వేయుచున్నప్పుడు బాయిల్ బ్యాటుదారునికి ఎదురుగా, కాలివైపున, కొలది గజముల దూరమున పోయి నిలిచెడివాడు. అంత దగ్గరగా నిలుచుట అంతకుముందు వాడుకలో లేదు. నెత్తికి ఇనుప టోపీ లేదు, కాళ్లకు కవచము లేదు, చేతులకు తొడుగు లేదు. బలముగా కొట్టిన బంతి ముఖమునకు తగిలినచో ప్రాణాపాయము. బ్యాటుదారుడు బంతిని అణచి ముందుకు త్రోయగానే అది నేలను తాకకముందే బాయిల్ చేతులలో పడును. కొంతకాలము ఆ చోటునకు అతని పేరే పెట్టి పిలిచిరి. అట్లు పట్టిన బంతుల ఫలము మరల స్పాఫర్త్ లెక్కలోనే చేరుచుండెనని వేరుగా చెప్పనక్కరలేదు.

1880లో బాయిల్ రెండవమారు ఇంగ్లాండు వెళ్లెను. మూడవమారు 1882లో, బిల్లీ మర్డాక్ నాయకత్వమున. ఆ యాత్రలో అతడు నూటికి పైగా వికెట్లు తీసెను. ఓవల్ ఆట ఆగస్టు 28న ఆరంభమయ్యెను. ఆస్ట్రేలియావారు 63 పరుగులకే పడిపోయిరి. ఆంగ్లేయులు 101 చేసిరి. మరునాడు ఉదయము నేల తడిగా నుండగా మాసీ అనువాడు ధైర్యముచేసి 55 పరుగులు కొట్టెను. అయినను మొత్తము 122 దాటలేదు. ఆ సమయమున జోన్స్ అను కుర్రవాడు ఆట ఆగినదని తలచి తన గీత విడిచి నేల సరిచేయుచుండగా గ్రేస్ వికెట్టును తాకి వానిని ఔటు చేసెను. శాసనమునకు విరుద్ధము కాదు. మర్యాదకు విరుద్ధమని ఆస్ట్రేలియావారు మండిపడిరి. స్పాఫర్త్ ఆ కోపముతోనే బంతి చేతబట్టెను.

ఆంగ్లేయులకు కావలసినది 85 పరుగులు. రెండు వికెట్లకు 51 చేసిరి, గ్రేస్ నిలిచియున్నాడు. ఇక ఆట ముగిసినట్లేయని అందరును తలచిరి. 51 వద్ద ఉలియట్ పోయెను. 53 వద్ద గ్రేస్ బాయిల్ బంతిని లేపి కొట్టగా బానర్మన్ పట్టెను. స్పాఫర్త్ కోపమునకు తట్టుకొని 32 పరుగులు చేసిన గ్రేసును బాయిల్ ఓపిక పడగొట్టెనని మేము చెప్పుదుము. అటుపిమ్మట లిటిల్టన్, లూకస్ అనువారు నిలిచిరి గాని పరుగు కదలదు. రెండు కొనలనుండియు వరుసగా పండ్రెండు ఓవర్లు, ఒక్క పరుగైనను లేకుండ గడచెను. వేలకొలది జనము ఊపిరి బిగబట్టి కూర్చుండిరి. లిటిల్టన్ స్పాఫర్త్ కొనకు రావలెనని ఆస్ట్రేలియావారు బుద్ధిపూర్వకముగా ఒక పరుగు విడిచిరందురు. అనుకొన్నట్లే అతడు 66 వద్ద స్పాఫర్తునకు చిక్కెను. 70 వద్ద ఇరువురు, 75 వద్ద ఇరువురు పోయిరి. ఆ కడపటివాడగు బార్న్స్ వికెట్టు బాయిల్‌దే.

అప్పుడు కావలసినవి 10 పరుగులు, మిగిలినది ఒక్క వికెట్టు. యార్క్‌షైరు బౌలరు పీట్ బ్యాటు పట్టుకొని వచ్చెను. ఎదుటి కొన సి. టి. స్టడ్ నిలిచియుండెను. స్టడ్ ఆ యేడు ఆ ఆస్ట్రేలియా జట్టుపైననే రెండు శతకములు చేసినవాడు. అయినను నాయకుడు వానిని వెనుకకు జరిపి పదవవానిగా పంపెను. వానికి ఒక్క బంతియైనను ఎదుర్కొను భాగ్యము కలుగలేదు. పీట్ తాను నిలిచి స్టడ్డునకు అవకాశమిచ్చుటకు బదులు బాయిల్ బంతిని ఊపి కొట్టి రెండు పరుగులు తీసెను, మరల ఊపెను, బాయిల్ వికెట్టు పడగొట్టెను. ఆంగ్లేయులు 77. ఏడు పరుగుల తేడాతో ఆస్ట్రేలియా గెలిచెను. రెండవ ఇన్నింగ్సున స్పాఫర్త్ 44 పరుగులకు 7, బాయిల్ 20 ఓవర్లలో 19 పరుగులకు 3. ఆ 19 పరుగులు 27 అయియుండినచో ఏమగునో లెక్క తెలిసినవారు యోచింతురుగాక.

స్టడ్ సంగతి మన చదువరులు వేరుగా తెలిసికొనగోరుదురు. మూడేండ్ల పిమ్మట, 1885లో, అతడు క్రికెట్టును విడిచి కేంబ్రిడ్జి సప్తకమను వారిలో ఒకడుగా చైనాకు మిషనరీగా పోయెను. 1900 మొదలు 1906 వరకు మన దక్షిణదేశమున ఉదకమండలములోని సంఘమునకు కాపరిగా నుండెను. పిమ్మట ఆఫ్రికా నడిగడ్డయగు కాంగోలో సేవచేసి 1931లో అచ్చటనే మరణించెను.

ఓవల్ ఆట ముగిసిన నాలుగవ దినమున, సెప్టెంబరు 2న, ఒక లండను క్రీడాపత్రిక పరిహాసముగా ఇంగ్లాండు క్రికెట్టునకు మరణవార్త ప్రకటించి, శవమును దహించి బూడిదను ఆస్ట్రేలియాకు కొనిపోవుదురని వ్రాసెను. ఆ చలికాలమున ఐవో బ్లై అను ప్రభుకుమారుడు జట్టుతో వెళ్లి, మెల్బోర్ను స్త్రీలు వేడుకకిచ్చిన చిన్న మట్టి పాత్రను తెచ్చెను. ఇదియే బూడిద కథ.

తరువాతి సంవత్సరములను త్వరగా చెప్పుదుము. 1884 యాత్రలో మాంచెస్టరు టెస్టున బాయిల్ 42 పరుగులకు 6 వికెట్లు తీసెను. టెస్టులలో అతని మేటి లెక్క అదియే. ఆ జట్టు స్వదేశము చేరిన పిమ్మట మెల్బోర్ను టెస్టునకు వాకిటి వసూలులో సగము కోరగా నిర్వాహకులు నిరాకరించిరి. జట్టువారు ఆడమనిరి. 1885 జనవరిలో ముందటి టెస్టున ఆడినవారు ఒక్కరును లేకుండ వేరు పదునొకండుగురు ఆస్ట్రేలియా పక్షమున ఆడి ఓడిపోయిరి. బాయిల్ 1884 జట్టులోనివాడే. న్యాయముగా తమ కష్టమునకు భాగము పంచుకొనుట వేరు, ఆటనే బేరమునకు పెట్టుట వేరు. మొదటిదానిని మెచ్చుకొనిన మేము రెండవదానిని మెచ్చుకొనలేము. ప్రజలును ఆనాడు మెచ్చుకొనలేదు.

1888లో మరియొకమారు ఇంగ్లాండు వెళ్లెను గాని అప్పటికి ఫెర్రిస్, టర్నర్ అను యువకుల చేతిలో బంతి యుండెను. బాయిలునకు ఆడుటకు అవకాశములు తక్కువయ్యెను. 1890లో జట్టునకు మేనేజరుగా పోయెను. ఆ యేడు ఆడిన రెండు టెస్టులలోను ఆస్ట్రేలియా ఓడెను. రైలు వేళలు చూచుట, బస లేర్పరచుట, వాకిట చేరిన రొక్కమును లెక్కించుట, ఓడిపోయిన యువకులను ఊరడించుట, ఇవియే మేనేజరు పనులు. మొదటి యాత్రలో 50 పౌనులు పెట్టి భాగస్థుడైనవాడు ఈ యాత్రలో ఇతరుల భాగములు లెక్కవేసి పంచువాడయ్యెను.

స్పాఫర్త్ ఇంగ్లాండులో స్థిరపడి తేయాకు వర్తకమున ధనవంతుడై 1926 వరకు జీవించెను. బాయిల్ తాను పెరిగిన చోటికే చేరెను. 1907వ సంవత్సరము నవంబరు 21వ తేదీన, అరువదవ యేడు నిండుటకు పందొమ్మిది దినములు తక్కువగా, బెండిగోలో మరణించెను. టెస్టులలో అతడాడినవి 12, తీసిన వికెట్లు 32. ఆ 32లో ఒకటి పీట్‌ది. ఓవల్ ఆటకు సంబంధించిన లెక్క పత్రము ఎచ్చట అచ్చుపడినను, ఆంగ్లేయుల రెండవ ఇన్నింగ్సు అడుగుభాగమున, పదునొకండవ పంక్తిలో, పీట్ పేరునకు ఎదురుగా వికెట్టు తీసినవానిగా బాయిల్ పేరును, దాని కెదుట రెండు పరుగులును కనబడును.